ఫెయిల్‌కి ఇంకో మాట ఉందా, మేడమ్?

తిరుపతి నుంచి ఒకాయన ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీలుంది కాబట్టి కుదించి చెబుతాను, కొన్నిచోట్ల ఆయన మాటలే పెడతాను.

ఆయన వయసు 43. సొంతూరు పాకాల దగ్గర పల్లె. తిరుపతి హోటళ్లలో పన్నెండేళ్లు పనిచేసి, 2018లో బైరాగిపట్టెడలో సొంతంగా మెస్ పెట్టారు. యూనివర్సిటీ పిల్లలు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, ఒంటరిగా ఉండే ఉద్యోగులు కలిపి రోజుకు నూట ఇరవై మంది తినేవారట. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే వారం తిరక్కుండా గదులన్నీ ఖాళీ అయ్యాయి. అద్దె మాత్రం ఆగలేదు. మళ్లీ తెరిచాక పాత జనం రాలేదు. వచ్చినవాళ్లలో చాలామంది ఖాతా పెట్టి తిని, పరీక్షలవగానే ఊళ్లకు వెళ్లిపోయారు. వంటమాస్టరు మానేశాడు. 2024 చివర్లో గిన్నెలు, గ్రైండరు, బల్లలు అమ్మేసి మూసేశారు. ఇప్పుడు ఒక క్యాటరింగ్ ఆయన దగ్గర నెలకు 18 వేలకు చేస్తున్నారు.

అప్పులు రెండు. తెలిసినాయన దగ్గర మూడు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. రెండోది, భార్య ఆరు సవర్ల గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన లక్షా అరవై వేలు. లాకర్లో పెట్టి రమ్మని ఆమే ఆ గొలుసు చేతికిచ్చిందట. ఇప్పటికీ లాకర్లోనే ఉందనుకుంటోంది. నిరుడు ఒక పెళ్లికి వేసుకుంటానంటే లాకర్ తాళం కనబడలేదని చెప్పారు. పోయిన నెల నోటీసు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. "యూ హావ్ ఫెయిల్డ్ టు పే" అన్న ముక్క వరకు చదివి, మడిచి స్కూటర్ డిక్కీలో పెట్టేశారు.

బావమరిది నలుగురిలో ఈయన్ను "ఫెయిల్యూర్ కేసు" అంటాడు. ఐపీ పెట్టేయమని సలహా కూడా ఇచ్చాడు. మామగారు చిత్తూరు వచ్చేయమంటున్నారు, తెలిసినవాళ్ల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూసే పని ఉందట. పాత స్నేహితుడు మాత్రం, చెరి లక్షన్నర వేసుకుని టిఫిన్ బండి పెడదాం రమ్మంటున్నాడు.

ఇదంతా ఏడాదిగా మోస్తూనే ఉన్నారు. ఉత్తరం రాయించింది మాత్రం ఒక నోటుబుక్. తొమ్మిదో తరగతి చదివే కూతురికి ఇంగ్లీషు టీచరు హోంవర్క్ ఇచ్చింది: "ఫెయిల్" అనే మాట, దానికి దగ్గర మాటలు రాసి ఒక్కోదానితో ఒక వాక్యం రాయాలి. ఫ్లాప్, ఫ్లంక్, కొలాప్స్, ఫాల్ షార్ట్, ఫౌండర్. అన్నిటికంటే పైన, అసలు మాటకు పాప రాసిన వాక్యం: "మై ఫాదర్ ఫెయిల్డ్ ఇన్ బిజినెస్." పక్కన ఎర్ర టిక్కు.

"మొదట 'మై ఫాదర్ ఫెయిల్డ్' అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టేసింది మేడమ్. తర్వాత పైన చిన్న గుర్తు పెట్టి 'ఇన్ బిజినెస్' అని ఇరికించింది. అంటే నేను ఫెయిల్ అన్నది ముందే తేలిపోయింది. ఎందులో అన్నది తర్వాత గుర్తొచ్చింది" అని రాశారు. రోజూ రాత్రి కూతురి పక్కన కూర్చుని హోంవర్క్ చూసే మనిషి, ఆ రోజు నుంచి తలనొప్పి అని ముందే పడుకుంటున్నారు. చివర్లో ఇలా అడిగారు: "ఆ టీచరును అడగనా? పాపతో మాట్లాడనా? చిత్తూరు పోనా, బండి పెట్టనా? ఇవన్నీ పక్కనపెట్టినా, ఫెయిల్ అనే మాటకు కాస్త మర్యాదగా ఉండే మాట ఇంకోటుంటే చెప్పండి. పాపతో అక్కడ దిద్దిస్తాను."

*

నాయనా, చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా జవాబులన్నీ దానికిందే ఉన్నాయనిపిస్తోంది. పైగా నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషిని, మాట అడిగితే ఆగలేను.

మీ పాప రాసిన జాబితాలో మీకు పనికొచ్చే మాట దొరుకుతుందేమో చూద్దాం. ఫ్లాప్ అంటే దబ్బున పడ్డ చప్పుడు. సినిమాలకు మనం తెచ్చేసుకున్నాం, దానికి ముందు "అట్టర్" కూడా తగిలించుకున్నాం. ఆరేళ్లు రోజూ అన్నం పెట్టిన మెస్‌కి అది నప్పదు. ఫ్లంక్ అనేది అమెరికా కాలేజీ పిల్లల మాట, పరీక్షలకే. మన పిల్లలు "డింకీ కొట్టాను" అంటారే, ఆ తీరు. కొలాప్స్ అంటే ఉన్నట్టుండి మొత్తంగా కూలిపోవడం. మీది ఉన్నట్టుండి కూలలేదు, నాలుగేళ్లపాటు కొంచెం కొంచెంగా కుంగింది. ఫాల్ షార్ట్ అంటే కావలసినదానికి అందకపోవడం. ఇది కొంత దగ్గరే, రాబడి అద్దెకు అందలేదు కదా.

ఇక ఫౌండర్. ఆ పిల్లకు ఈ మాట ఎక్కడ దొరికిందో గానీ, భలే మాట తెచ్చింది. ఫౌండర్ అంటే సంస్థ పెట్టినవాడని అందరికీ తెలుసు. క్రియగా వాడితే అదే మాటకు ఓడ నీళ్లు నిండి అడుగుకు వెళ్లిపోవడమని అర్థం. లాటిన్‌లో ఫుండుస్ అంటే అడుగు. అడుగున పునాది వేసేవాడు ఫౌండరే, అడుగుకు మునిగిపోవడమూ ఫౌండరే. రెండూ ఆ ఒక్క వేరు నుంచే వచ్చాయి. మెస్ ఫౌండరు మీరు. ఫౌండర్ అయింది మీ మెస్. ఇందులో నవ్వు కనిపించే రోజు మీకు రావాలి గానీ, ఈ రోజే రావాలని నేను పట్టుబట్టను.

తెలుగులోకి వస్తే, వ్యాపారం గురించి మనవాళ్ల దగ్గర మాటలకు కరువు లేదు. దెబ్బతిన్నాడు, చేతులు కాల్చుకున్నాడు, చితికిపోయాడు, మునిగాడు, చేతులెత్తేశాడు, బోర్డు తిప్పేశాడు. అన్నీ ఒకటే అనుకుంటాం గానీ, వినేవాడికి ఒక్కోటి ఒక్కో కథ చెబుతుంది. దెబ్బతిన్నాడంటే దెబ్బ బయటినుంచి వచ్చింది. చేతులు కాల్చుకున్నాడంటే తెలియని నిప్పులో తనే చేయి పెట్టాడు. బోర్డు తిప్పేశాడంటే జనం సొమ్ముతో పారిపోయాడు. మీరు పారిపోలేదు. తెలియని పనిలో దిగలేదు, పన్నెండేళ్లు హోటళ్లలో నలిగి దిగారు. జరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలంటే "మెస్ దెబ్బతింది, మూసేశాను" అంటే చాలు. ఇందులో మర్యాదా ఉంది, నిజమూ ఉంది.

పాప నోటుబుక్‌లో మాత్రం దిద్దించకండి. ఎందుకో చెప్పేముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాదీ పాకాల వైపే. 1978లో ఇంటర్ రెండో ఏడు పరీక్ష తప్పాను. నవ్వకండి, తప్పింది ఇంగ్లీషే. అప్పట్లో ఫలితాలు పేపర్లో వచ్చేవి, పాసైన నంబర్లు మాత్రమే వేసేవాళ్లు. మా నాయన బస్టాండులో పేపరు కొని, రెండు సార్లు వెతికి, ఇంటికొచ్చి "అమ్మాయి నంబరు పడలా" అన్నాడు. అంతే. ఆ తర్వాత నాలుగైదేళ్లకు ఆయన చేనులో బోరు వేయించాడు. "నీళ్లు పడలా." ఇంకోటి వేయించాడు. "పడలా." ఊరంతా ఆ మాటే అన్నారు. బోరు ఫెయిలయిందని కూడా అన్నారు గానీ ఆ ఫెయిల్ బోరుదే, ఆయనది కాదు.

ఎంత సున్నితమైన మాటో అని ఇక్కడ ఆగిపోవచ్చు. చాలా ఏళ్లు నేనూ అలాగే చెప్పుకుంటూ మురిసిపోయాను. కానీ లెక్క చూస్తే, ఆ సున్నితమైన మాటే మా ఇంటిని ముంచింది. "పడలేదు" అంటే ఇంకోచోట పడుతుందేమో అనే కదా వినిపిస్తుంది! ఆ ఆశతోనే మూడోది, నాలుగోది, ఐదోది వేశాడు. ఎకరంన్నర పోయింది. ఐదో బోరు కూడా ఎండిపోయాక మా అమ్మ "ఇంక ఆపేద్దాం" అంది. ఆ ముక్క ఎవరో ఒకరు అనాల్సి వచ్చింది. తర్వాత రెండు ఆవులు కొన్నారు. మా చదువులు పాలతోనే సాగాయి. ఈనాటికీ మన జిల్లాల్లో వెయ్యి అడుగులు దాటి బోర్లు దింపే చోట్లున్నాయి. ఆ రైతుల దగ్గరికెళ్లి "నీళ్లు పడలేదు" అన్న మాట ఎంత ఖరీదైనదో అడగండి.

కాబట్టి మీకు మెత్తటి మాట వెతికిపెట్టడం నాకిష్టం లేదు. కటువైన మాట ఉంచుకోమనీ చెప్పను. సరిపోయే మాట కావాలి. అది దొరకాలంటే మీరు ఒకే మూటలో కట్టేసిన మూడు సంగతుల్ని విప్పి విడివిడిగా పెట్టాలి.

మొదటిది మెస్. దాని గురించి పైన చెప్పుకున్నాం. మీ తప్పులు లేవనను. ఖాతా పుస్తకం మీద అంత నమ్మకం పెట్టుకోవడం తప్పే. కానీ లాక్‌డౌన్ మీరు పెట్టలేదు. ఇది వ్యాపారానికి వచ్చిన నష్టం.

రెండోది మూడు లక్షల అప్పు. ఇది లెక్క, ఇంకేమీ లేదు. నూటికి రెండు రూపాయలంటే నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు. మీ జీతంలో మూడోవంతు వడ్డీకే పోతోంది, అసలు ఒక్క రూపాయి కూడా తగ్గడంలేదు. దీనికి సిగ్గుతో పనిలేదు, కాగితం పెన్నుతో పనుంది.

మూడోది గొలుసు. ఇక్కడ కాస్త నిలబడాలి.

ఇంగ్లీషు "ఫెయిల్" ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ ఫాలెరే అంటే మోసపుచ్చడం, ఆశ పెట్టుకున్నవాళ్లను వమ్ము చేయడం. ఫాల్స్, ఫాల్ట్, డిఫాల్ట్ అన్నీ ఆ ఇంటి పిల్లలే. ఇప్పటికీ ఇంగ్లీషులో ఒక మనిషిని "ఫెయిల్" చేశాడంటే, వాళ్లు పెట్టుకున్న నమ్మకాన్ని నిలబెట్టుకోలేదని అర్థం. మన "తప్పు" అనే క్రియ చూడండి, ఎన్ని చోట్ల తిరుగుతుందో. పరీక్ష తప్పాడు, దారి తప్పాడు, గురి తప్పింది. గండం తప్పింది అంటే మంచి వార్త. నెల తప్పింది అంటే ఇంట్లో పండగ. "తప్పకుండా రండి" అని మనమంటే, ఇంగ్లీషువాడూ సరిగ్గా అదే కట్టుతో "వితౌట్ ఫెయిల్" అంటాడు. ఇన్ని తప్పడాల్లో మనిషికి నిజంగా అంటుకునేది ఒక్కటే ఉంది: మాట తప్పడం.

లాకర్లో పెట్టి రమ్మని ఆమె చేతికిచ్చిన గొలుసును తాకట్టు పెట్టడం, తాళం పోయిందనడం, ఇవి వ్యాపార నష్టం ఖాతాలోకి రావు. మెస్ లాభాల్లో నడిచినా ఇవి ఇలాగే ఉండేవి. మీరు ఏడాదిగా "నేను ఫెయిల్" అని కుమిలిపోతున్నది మెస్ గురించి అనుకుంటున్నారు. ఉత్తరంలో మెస్ గురించి రెండు పేజీలు రాశారు, గొలుసు గురించి నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాల్లోనే మీ అక్షరాలు వంకర పోయాయి. కఠినంగా అంటున్నానని తెలుసు. కానీ మీరు "ఫెయిల్యూర్" అన్న ఒక పెద్ద దుప్పటి కప్పుకున్నారు. దానికింద మీది కాని తప్పూ ఉంది, మీదైన తప్పూ ఉంది. మొత్తం నాదే అని ఏడిస్తే, అసలు చేయాల్సిన చిన్న పని చేయక్కర్లేకుండా పోతుంది.

బావమరిది మాట సంగతి రెండు ముక్కల్లో. ఇంగ్లీషులో కూడా ఈ "ఫెయిల్యూర్" ఒకప్పుడు ఎక్కువగా దుకాణం మూతపడిన సంఘటనకే వాడేవాళ్లు, మనిషికి బిరుదుగా తగిలించడం తర్వాత పెరిగింది. ఆయనకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఆయన సలహా మాత్రం పట్టించుకోకండి. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, 1920 నాటి చట్టం కింద కోర్టుకెళ్లి "నేను కట్టలేను" అని ఒప్పుకోవడం. జీతం వస్తూ, మూడు లక్షల బాకీ ఉన్న మనిషి దానికోసం లాయరు చుట్టూ తిరిగితే, తిరుపతిలో మళ్లీ చేబదులు కూడా పుట్టదు.

గొలుసు విషయంలో మీ ముందు దారులున్నాయి. ఒకటి, ఎవరి దగ్గరో మళ్లీ అప్పు తెచ్చి, ఆమెకు తెలియకుండా విడిపించి లాకర్లో పెట్టేయడం. ఇప్పటికి గండం తప్పుతుంది. కానీ ఆ కొత్త అప్పుకూ వడ్డీ ఉంటుంది, తాళం అబద్ధానికి తోడు ఇంకో అబద్ధం చేరుతుంది. రెండోది, వడ్డీ వరకు కట్టి తిరగరాయించుకోవడం. దీంతో కొన్ని నెలలు దొరుకుతాయి. ఆ నెలల్లో ఆమెకు చెప్పే ఉద్దేశముంటేనే ఇది పనికొస్తుంది, లేకపోతే ఇదే తంతు వచ్చే ఏడాది మళ్లీ. ఏమీ చేయకుండా ఊరుకుంటే వస్తువు వేలానికి పోతుంది. వేలానికి ముందు తాకట్టు పెట్టుకున్నవాళ్లు నోటీసు ఇవ్వాలి, అప్పు, వడ్డీ, ఖర్చులు పోగా మిగిలింది మీకివ్వాలి. ఆ మిగిలింది చేతికొచ్చినా, ఆమెకు తెలిసేది వేలం తర్వాతే అవుతుంది.

నాకు నచ్చిన దారి ఆమెకు ముందే చెప్పేయడం. అయితే దాని ఖరీదు కూడా చెప్పాలి కదా. ఆమె కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. పుట్టింటికి చెప్పొచ్చు, బావమరిది నోటికి ఇంకో ఏడాదికి సరిపడా మేత దొరుకుతుంది. ఇవన్నీ నిజంగా జరిగేవే, తేలిగ్గా తీసేయను. ఇంకోవైపు చూడండి. బంగారం ధర మీరు తాకట్టు పెట్టిన నాటికీ ఇప్పటికీ చాలా పెరిగింది. ఆరు సవర్లంటే 48 గ్రాములు. దాన్ని అమ్మితే తాకట్టు తీరగా మిగిలేదాంతో రెండు రూపాయల వడ్డీ అప్పులో ఎంత తీరుతుందో లెక్క వేసుకోవచ్చు. నెలకు ఆరు వేలు మిగలడమంటే మీ ఇంట్లో చిన్న మాట కాదు. కానీ "అమ్మేద్దాం" అని మీరు అనకూడదు. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం స్త్రీధనం, చట్టప్రకారం ఆమెది. ఆమె ముందు లెక్క పెట్టండి, నిర్ణయం ఆమెకు వదలండి. వద్దు, విడిపించి తెచ్చివ్వు అంటే, విడిపించడమే మీ పని. చెప్పేటప్పుడు మెస్ కథతో మొదలుపెట్టకండి. "గొలుసు లాకర్లో లేదు" అన్నదే మొదటి వాక్యం కావాలి. మెస్‌తో మొదలుపెడితే సంజాయిషీ అవుతుంది.

ఇక చిత్తూరా, బండా?

గుజ్జు ఫ్యాక్టరీ పని గురించి మామగారిని ఒక్క ప్రశ్న అడగండి: ఏడాదికి ఎన్ని నెలలు? తోతాపురి కాయ దిగేది వేసవి చివర్లో, ఆ రెండు మూడు నెలలూ రాత్రింబవళ్లు పని. మిగతా నెలల్లో లెక్కలు చూసేవాడి అవసరం ఎంతో కనుక్కోవాలి. 2025లో ధర ఎలా పడిందో మామగారికి మీకంటే బాగా తెలుసు, ఫ్యాక్టరీలు కిలోకు ఎనిమిది, దానిపైన ప్రభుత్వం నాలుగు రూపాయలు ఇస్తే తప్ప రైతు తోటలో కాయ కోయలేని పరిస్థితి. అలాంటి ఏడాది ఫ్యాక్టరీలో మీ స్థానం ఏమిటి? పన్నెండు నెలల జీతమని తేలితే మంచి అవకాశమే, కాదనను. పాప వచ్చే ఏడు పదో తరగతి. బడి మార్చాలా, మీరొక్కరే వెళ్లి వారానికోసారి రావాలా అన్నది ఇంట్లో ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. మామగారి ఊళ్లో బావమరిది కూడా ఉంటాడని నేను గుర్తుచేయక్కర్లేదనుకుంటాను.

బండి విషయంలో నేను భయపడ్డది మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇది రెండో బోరా, ఐదో బోరా? ఉత్తరం మళ్లీ చదివితే అంత అన్యాయమైన ఆలోచనేం కాదనిపించింది. మిమ్మల్ని ముంచినవి అద్దె, ఖాతా, జీతానికి పెట్టుకున్న వంటమాస్టరు. టిఫిన్ బండికి హాలు అద్దె లేదు, ఖాతా లేదు, తినగానే ఫోన్‌లోనో చేతికో డబ్బు ఇస్తారు. దోసె మీరే పోయగలరు. అంటే నీళ్లు పడని చోటే మళ్లీ తవ్వడం కాదు. కానీ మీ వంతు లక్షన్నర ఎక్కడినుంచి వస్తుంది? మళ్లీ రెండు రూపాయల వడ్డీకే అయితే నా సలహా వద్దనే. చిన్నగా మొదలుపెట్టగలిగితే వీధి వ్యాపారులకు కేంద్రం ఇచ్చే స్వనిధి రుణం ఉంది, మొదటి విడత 15 వేలు, అది సరిగ్గా తీరిస్తే 25 వేలు, ఆ తర్వాత 50 వేలు. కార్పొరేషన్ నుంచి వీధి వ్యాపారి గుర్తింపు పత్రం గానీ సిఫార్సు లేఖ గానీ కావాలి. స్నేహితుడు పదిహేను వేల బండికి ఒప్పుకుంటాడా అని అడిగి చూడండి. ఒప్పుకోకపోతే, అతనికి కావాల్సింది మీ చేతివంటా, మీ లక్షన్నరా అన్నది తెలిసిపోతుంది. రెండూ వద్దనుకుని ఇప్పటి 18 వేల పనిలోనే ఇంకో ఏడాది ఉండటం కూడా ఒక దారే. ఆ పనిని మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో తీసిపారేశారు. ఏడాదిగా ఇల్లు దానిమీదే నడుస్తోంది.

ఇక పాప.

టీచరును అడగకండి. ఆ టిక్కు వ్యాకరణానికి పెట్టింది. నలభై నోటుబుక్కులు ముందేసుకుని కూర్చున్నప్పుడు కర్త, క్రియ సరిపోయాయా అని చూస్తామే గానీ ఆ నాన్న ఎవరు, ఆ వ్యాపారమేమిటి అని ఆగం. నేనూ అలా ఎన్ని టిక్కులు పెట్టానో. వాటిలో ఆగాల్సినవి కొన్ని ఉండే ఉంటాయి.

ఆ వాక్యం మీరు చదివిన తీరు మాత్రం నేను ఒప్పుకోను. "నేను ఫెయిల్ అన్నది ముందే తేలిపోయింది" అన్నారు. నాకు ఇంకోలా కనిపిస్తోంది. హోంవర్క్ హడావిడిలో మొదట తోచింది రాసి ఫుల్‌స్టాప్ పెట్టింది. అక్కడితో వదిలేసినా టీచరు టిక్కు పెట్టేది, వ్యాకరణం సరిగ్గానే ఉంది, మార్కుకేం లోటు లేదు. అయినా ఆ పిల్ల మళ్లీ చదువుకుంది. "మా నాన్న ఫెయిలయ్యాడు" అని వదిలేయడం సరికాదనిపించింది. పెట్టిన చుక్కను దాటి వెనక్కొచ్చి, గుర్తు పెట్టి, రెండు మాటలు ఇరికించి, ఎంతవరకో అంతవరకే గీత గీసింది. వ్యాపారంలో. మిగతావాటిలో అని రాయలేదు. పైన నేను మూడు మూటలు విప్పడానికి ఇన్ని పేరాలు తీసుకున్నాను చూడండి, మీ తొమ్మిదో తరగతి పిల్ల రెండు మాటల్లో ఆ పని చేసింది. దిద్దించొద్దన్నది అందుకే. అది దిద్దిన వాక్యమే.

ఆమెతో మాట్లాడటమా, ఊరుకోవడమా? ఏమీ ఎరగనట్టు మళ్లీ పక్కన కూర్చోవడం మొదలుపెట్టొచ్చు. తలనొప్పి తగ్గిందనుకుంటుంది, లేదా అనుకున్నట్టు నటిస్తుంది. ఆ వయసు పిల్లలు నటిస్తారు. లేదా "నీ వాక్యం చూశాను, బాగానే రాశావు" అని ఒక్క మాట అనొచ్చు. ఏడ్చినా ఏడుస్తుంది, సారీ చెబుతుంది. మీరు కంగారుపడి "అదేం లేదమ్మా" అని దాన్ని తేల్చేయకండి. మెస్ ఎందుకు మూయాల్సి వచ్చిందో అడిగితే, అద్దె ఎంత, రోజుకు ఎంత వచ్చేది, ఖాతాలో ఎంత పోయింది, అంకెలతో చెప్పండి. ఆ వయసుకు అర్థమవుతుంది. గొలుసు సంగతి మాత్రం అమ్మకంటే ముందు పాపకు తెలియకూడదు, ఏ పరిస్థితిలోనూ. ఆ పిల్ల మీద ఆ బరువు పెట్టకండి. ఫౌండర్ సంగతి చెప్పాలనిపిస్తే చెప్పండి, ఆ రెండో అర్థం తెలిసే రాసిందేమో అడగండి. నాకూ తెలుసుకోవాలనుంది.

మాటలేవీ నోటికి రాకపోతే ఊరికే వెళ్లి పక్కన కూర్చోండి. పెన్సిలు చెక్కి ఇవ్వండి.

అన్నిటికంటే ముందు ఒకటుంది. నోటీసులో మీరు చదివి ఆపేసిన ముక్క "ఫెయిల్డ్ టు పే". అక్కడ ఆ మాటకు "కట్టలేదు" అన్నదానికి మించి అర్థం లేదు. కట్టకపోవడమనే సంగతి చెప్పడానికి ఆఫీసులు వాడే ఇంగ్లీషు అది, మీ మీద తీర్పేమీ కాదు. దాని కిందనే ఎప్పటిలోగా కట్టాలో గడువు రాసి ఉంటుంది. ఆ తేదీ మీరు నాకు రాయలేదు, చదివి ఉండరు. గొలుసు గురించి నేను పైన చెప్పిన దారులన్నీ ఆ తేదీ లోపలే. ఈ జవాబు చదవడం పక్కనపెట్టి, కిందికెళ్లి డిక్కీ తెరిచి చూడండి.